శ్రీ 48 గంటల వారికి ఒక భుజం రాసుకున్న అర్జీ

అయ్యా,

2017 మార్చి 21 నుంచి అమెరికా టీకా గాయాల పట్టికలో (టీకా వల్ల గాయమైతే ఏ షరతులకి సర్కారు పరిహారం ఇస్తుందో చెప్పే జాబితా) మా భుజాల నెత్తిన నిబంధనై కొలువున్న తమరికి నమస్కారం. రెండో చెయ్యి లేవదు, ఒంటిచేత్తోనే పుచ్చుకోండి.

ఫ్లూ టీకాకి వెళ్లి, చొక్కా విప్పడానికి మొహమాటపడి కాలరు పక్కకి లాగితే ఇంతే. భుజం ఎముక కొసకి రెండు మూడు వేళ్ల కింద దిగాల్సిన సూది ఇంకా పైన దిగుతుంది. మందు కండలోకి కాక కీలు దగ్గరి నీటితిత్తిలోకి పోతుంది. వాపు, ఆపైన బిగుతు. జడ వేసుకోవడం, సీటుబెల్టు లాక్కోవడం, ఆ పక్కకి ఒత్తిగిలడం అన్నీ బంద్.

నొప్పి టీకా పడ్డ 48 గంటల్లో మొదలవ్వాలంటారు తమరు. మొదలవుతుంది, ఆ రాత్రే. దాన్ని ఎవరు రాశారన్నదే తంటా. మా తెలుగు ఓనర్లు అమృతాంజనం రుద్ది, కాపడం పెట్టి, "అదే పోతుందిలే" అని మూడు నెలలు మోస్తారు. చివరికి డాక్టరుతో "కొన్నాళ్లుగా నొప్పండీ" అంటారు. ఆయన అదే టైపు చేస్తాడు. టీకా ఊసే ఉండదు. ఇక ఆ వారం ఇంటికి పంపిన వాట్సాప్ మెసేజీలు తవ్వాలి, ఇంట్లోవాళ్లచేత ప్రమాణపత్రాలు రాయించాలి. మొదటిరోజే "ఫలానా తారీఖున, ఈ చేతికి టీకా, ఆ రాత్రి నుంచే నొప్పి" అని చెప్పి ఉంటే ఒక్క వాక్యంతో పోయేది.

నొప్పి ఆరు నెలలు దాటి ఉండాలట (ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ అయితే మినహాయింపు). ఐదో నెలలో తగ్గితే సంతోషమే, డబ్బే రాదు. ఫిజియోథెరపీ మధ్యలో మానేస్తే తగ్గిపోయిందనే వాదిస్తారు. ఆ భుజానికి పాత నొప్పి ఉండకూడదు. దావా మూడేళ్లలోపు వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో వెయ్యాలి. అదీ పొడిచినవాడి మీద కాదు, ఆరోగ్యశాఖ మంత్రి మీద! సొమ్ము మాత్రం టీకా పన్నుది, డోసులో ఒక్కో జబ్బుకి 75 సెంట్లు. బాధకిచ్చే మొత్తం 2,50,000 డాలర్లు దాటదు. లాయరు ఫీజు అందులోంచి కొయ్యరు, విడిగా ఆ పన్ను నిధే ఇస్తుంది. తమరిలో మాకు నచ్చేది ఇదొక్కటే.

కోవిడ్ టీకా భుజాలు తమరి గడప తొక్కలేవు. వాటి పథకం వేరు, గడువు టీకా నాటి నుంచి ఏడాదే, లాయరు ఖర్చు ఎవరిది వారిదే. పెద్దలకేసే షింగిల్స్ (సర్పి) టీకాకైతే తమరి పట్టికలో చోటే లేదు.

ఇట్లు,
తమ విధేయ కుడిభుజం
(ఫార్మసీ కాగితం ప్రకారం ఎడమభుజం)