తాతయ్య చెవిలో తుమ్మెద

చెవి మిషన్ పెట్టుకున్న వారంలోనే తాతయ్యకి మహిమలొచ్చాయి. ఫోన్ మోగడానికి రెండు క్షణాల ముందే "ఫోనొస్తోంది" అంటాడు, వెంటనే మోగుతుంది. బామ్మ మొదట నవ్వింది, తర్వాత జడిసింది, ఆ తర్వాత పక్కింటివాళ్ల అమ్మాయికి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమని వాళ్లని వెంటబెట్టుకొచ్చింది.

మహిమ అంతా ఆయన చేతిలోని 2జీ కీప్యాడ్ ఫోన్‌ది. రింగు రాకముందే అది టవర్‌తో మంతనాలు మొదలుపెడుతుంది. కాల్ నడుస్తున్నప్పుడైతే సెకనుకి 217 సార్లు ఆగి ఆగి తరంగాలు వదులుతుంది, 900 మెగాహెర్ట్జ్‌లో ఒక్కో విడత 2 వాట్ల దాకా. మిషన్‌లోని సన్నటి తీగలు వాటిని పట్టి యాంప్లిఫయర్‌కి అందిస్తాయి, అది తన ధర్మం ప్రకారం శబ్దం చేసేస్తుంది. 217 హెర్ట్జ్ చెవిలో పడితే తుమ్మెద దూరినట్టే. అవతల కోడలు "మామయ్యగారూ" అంటే ఇవతల "ఝ్ఝ్ఝా... గారూ" అని వినపడి, "ఏ బ్యాంకు ఝాగారండీ మీరు?" అని ఆయన రెండుసార్లు ఫోన్ పెట్టేశాడు.

ఎదురింటి మాస్టారు విషయం తేల్చేశారు. "రేడియేషన్! మెదడు ఉడుకుతున్న చప్పుడది." దానికి విరుగుడుగా ఫోన్ వెనక అంటించే వెండిరంగు స్టిక్కర్ కూడా ఇప్పించారు. ఈ స్టిక్కర్ల సంగతి ఇలా ఉంటుంది: పనిచేయకపోతే రొద అలాగే ఉంటుంది, పనిచేస్తే ఇంకా పెరుగుతుంది. యాంటెన్నాకి రేకు అడ్డమైతే టవర్‌కి వినపడాలని ఫోన్ గొంతు పెంచుతుంది మరి. తాతయ్య స్టిక్కర్ పనిచేసింది.

మెదడేమీ ఉడకదు. రొద మిషన్ సర్క్యూట్‌లో పుట్టేది, ఆయన తలలో కాదు. తల సంగతికి వేరే లెక్క ఉంది: ఒంటి కణజాలం ఫోన్ తరంగాల శక్తిని ఎంత పీల్చుకుంటుందో చెప్పేది. దాన్ని ఎస్ఏఆర్ (SAR) అంటారు. మన దేశంలో 2012 నుంచి దాని పరిమితి కిలోకి 1.6 వాట్లు, ఒక గ్రాము కణజాలం మీద సగటున. చాలా ఫోన్లలో *#07# కొడితే ఆ మోడల్ అంకె కనిపిస్తుంది. తాతయ్య కొడితే 0.8 వచ్చింది. జీవితమంతా పేపర్లు దిద్దిన మనిషి కదా, "సగమేనా?" అని చిన్నబుచ్చుకున్నాడు. తక్కువ వస్తేనే మంచిదని నచ్చజెప్పడానికి పూట పట్టింది. ఆ అంకె ఫోన్ నిండు బలంతో ఉన్నప్పుడు కొలిచింది. టవర్ బాగా అందే కిటికీ దగ్గర ఫోన్ దానికి ఎంతో తక్కువలో సర్దుకుంటుంది, రొద కూడా తగ్గుతుంది. తాతయ్య మాత్రం ఇంట్లో సిగ్నల్ అందని ఒకే ఒక్క చోటు, మెట్ల కింద, కూర్చుని మాట్లాడతాడు. అక్కడైతే చల్లగా ఉంటుందట.

ఫోన్ పెట్టుకునే తీరు కూడా అంతే. చెవి వెనక పెట్టుకునే మిషన్‌కి మైకు చెవి పైభాగాన ఉంటుంది. ఫోన్‌ని చెవి రంధ్రానికి అదిమితే ఈల వేస్తుంది తప్ప మాట వినిపించదు. కాస్త పైకి జరిపి, వేలెడు సందు వదిలి, ఏటవాలుగా పట్టుకోవాలి. అలా పట్టుకుంటే సెల్యూట్ కొడుతున్నట్టుంటుందని ఆయన ఒప్పుకోలేదు.

వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు మిషన్‌ని టీ మోడ్‌కి మార్చి చూపించాడు. అందులో టెలికాయిల్ అనే సన్నటి తీగచుట్ట శబ్దాన్ని కాక అయస్కాంత క్షేత్రాన్ని పడుతుంది, బయటి గోల రాదు. ఫోన్ కూడా దానికి తగినదై ఉండాలి. మన కీప్యాడ్ కాదు. దాంతో తాతయ్యకి కోడలి బదులు ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోక్ స్పష్టంగా వినిపించాయి.

చివరికి డాలస్ నుంచి కొడుకు ఐఫోన్ పంపాడు. 4జీలో ఆ 217 విడతల గొడవ లేదు, గరిష్ఠ బలం కూడా సుమారు 0.2 వాట్లే. కాల్‌ని 4జీలోనే నడిపే వోల్టీ (VoLTE) ఆన్‌లో ఉండాలి, లేకపోతే కాల్ మళ్లీ 2జీలోకి జారి తుమ్మెద తిరిగొస్తుంది. మనవడు అన్నీ సరిచూసి, ఫోన్‌ని బ్లూటూత్‌తో మిషన్‌కి కలిపాడు. కొడుకు మాట మంచుబిందువులా చెవిలో పడింది. ఇల్లంతా పండగ.

ఆదివారం ఫోన్ మోగింది. తాతయ్య పెరట్లో పాదులకు నీళ్లు పెడుతున్నాడు. బామ్మ వంటింట్లోనే ఎత్తి, "హలో, హలో" అంది. ఏమీ వినపడలేదు. తన మాటైనా అటు చేరుతుందేమోనని, వదలకుండా చెప్పుకుపోయింది: "మీ నాన్నకి చాదస్తం ముదిరిందిరా. మిషన్‌కి అంత డబ్బు దండగ." ఆ మాట పట్టింది ఫోన్ మైకు, చేరింది డాలస్‌కి. జవాబు మాత్రం నేరుగా పెరట్లోకి, ఆనపపాదు దగ్గరున్న చెవిలోకి వచ్చింది: "నిజమేనమ్మా, నాన్నతో వేగడం నీవల్లే అవుతోంది. ఆ పొలం సంగతి మాత్రం ఆయనకి చెప్పకు."

"ఏ పొలం రా?" అని పెరట్లోంచి కేక వినపడేసరికి బామ్మ చేతిలో గరిటె జారింది.

దీనికి మందు చిన్నదే. కాల్ మధ్యలోనైతే తెర మీద ఆడియో నొక్కి ఐఫోన్ అని ఎంచుకోవాలి. శాశ్వతంగా కావాలంటే సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, హియరింగ్ డివైసెస్, ఆడియో రూటింగ్‌లోకి వెళ్లి, కాల్ ఆడియో దగ్గర మిషన్‌కి వద్దని పెట్టాలి. మనవడు అక్కడిదాకా వెళ్లి వేలు ఎత్తాడో లేదో, తాతయ్య ఫోన్ లాక్కున్నాడు.

"ఉండనీరా. ఇప్పుడిప్పుడే బాగా వినిపిస్తోంది."