గ్యాస్ మాత్ర పేరు చివర ఆ డీ ఎందుకుందో ఎవరైనా చెప్పారా?

ఈ మధ్య ఎవర్ని కదిలించినా డోపమైన్ మాటే. రీల్స్ చూస్తే డోపమైన్, బిర్యానీ తింటే డోపమైన్, పిల్లోడు ఫోన్ వదలకపోతే అదీ డోపమైన్ వల్లేనట, పైగా దాన్ని ఒంట్లోంచి కడిగేసుకోవాలని డీటాక్స్ అంటూ సలహాలు. కడిగేసుకోడానికి అదేమన్నా విషమా? మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనం అది. నిజంగా అది ఖాళీ అయిపోతే మనిషి మంచం మీంచి లేవలేడు.

ఊరికే అనట్లేదు ఈ మాట. 1957లో స్వీడన్‌లోని లుండ్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకి మెదడులో డోపమైన్‌ని ఖాళీ చేసే రెసర్పిన్ అనే మందు ఇస్తే అవి కదలకుండా చెవులు వాల్చేసి పడిపోయాయి, ఒంట్లోకెళ్ళి డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించగానే కాసేపట్లో లేచి తిరిగాయి. మెదడులో డోపమైన్‌కి సొంతంగా ఒక పని ఉందని అప్పుడు తెలిసింది, 2000లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఇందులో మన వాటా ఒకటుంది, ఎవరూ చెప్పుకోరు. ఆ రెసర్పిన్ మన సర్పగంధ వేరులోది, బీపీకీ పిచ్చికీ ఆ వేరు పనిచేస్తుందని కలకత్తా డాక్టర్లు 1931లోనే పేపర్ రాశారు. ఇక ఎల్-డోపా అంటారా, అది మన దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారు. అవును, బడిలో ఒకడి వీపు మీద ఇంకొకడు చల్లి ఏడిపించే ఆ దూలగొండే. (అలాగని ఆన్‌లైన్‌లో దూలగొండి పొడి కొనుక్కుని తాగేయకండి, ఆల్రెడీ వణుకుడు జబ్బుకి, అంటే పార్కిన్సన్స్‌కి, ఎల్-డోపా మాత్రలు వేసుకుంటున్నవాళ్ళకి అది డోసు మీద డోసు అవుతుంది.)

సరే, అసలు విషయానికొద్దాం. డోపమైన్ అనేది కబురు మాత్రమే, కబురు అందుకునేవి రిసెప్టర్లు, అవి 5 రకాలు. ఒకే కబురు వెళ్తుంది, డీ1 ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, డీ2 ఇంట్లో ఆరిపోతుంది. కాబట్టి డోపమైన్ ఎక్కువైంది తక్కువైంది అనే లెక్క సగం లెక్కే, ఎక్కడ, ఏ రిసెప్టర్ దగ్గర అనేది అడగాలి. టొరంటోలో ఫిలిప్ సీమన్ ఆ ప్రశ్నే పట్టుకుని కూర్చున్నాడు. లేని మాటలు వినిపించే, లేని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియాకి వాడే హాలోపెరిడాల్‌కి రేడియోధార్మికత అంటించి అది మెదడు కణజాలంలో ఎక్కడ అతుక్కుంటుందో చూశాడు, 1975లో దొరికింది, తర్వాత దానికే డీ2 అని పేరు స్థిరపడింది. ఇందులో గమ్మత్తు ఏంటంటే ఏ మందు ఎంత గట్టిగా అతుక్కుంటుందో దాని డోసు అంత తక్కువ, అందుకే హాలోపెరిడాల్ కొన్ని మిల్లీగ్రాములు చాలు, అదే జబ్బుకి వాడే క్లోర్‌ప్రోమజైన్ అయితే వందల్లో కావాలి. ల్యాబులో బల్ల మీద కొలిచిన లెక్క వార్డులో రోగి డోసుతో సరిపోవడం వైద్యంలో రోజూ జరిగే విషయం కాదు.

తర్వాత స్టాక్‌హోమ్‌లో లార్స్ ఫార్డే టీమ్ పెట్ స్కాన్‌లు తీసి బతికున్న మనిషి మెదడులోనే చూసింది. మందు డీ2 రిసెప్టర్లలో ఓ 65 శాతాన్ని పట్టుకున్నప్పటి నుంచి పనిచేయడం మొదలవుతుంది, 80 దాటిందంటే చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం. ఎందుకంటే అదే డీ2 కదలికల్ని నడిపే చోట కూడా ఉంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కూడా ఉంది, అక్కడ దాన్ని ఆపితే పాలు తెప్పించే హార్మోన్ ప్రొలాక్టిన్ పెరిగి ఆడవాళ్ళకి నెలసరి తప్పుతుంది, ఒక్కోసారి పాలు కూడా వస్తాయి. ఇవేవీ చెప్పకుండా చీటీ చేతిలో పెడితే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు, మందు పడలేదు అనుకుని ఆపేస్తారు, జబ్బు మళ్ళీ తిరగబెడుతుంది, అప్పుడు అందరూ కలిసి రోగినే తిడతారు. డోసు తగ్గించమనో మందు మార్చమనో అడగొచ్చని వాళ్ళకి తెలిస్తే కదా.

ఇది పిచ్చాసుపత్రి గోల, మనకెందుకు అనుకుంటున్నారేమో, మీ ఇంట్లో గ్యాస్ మాత్రల స్ట్రిప్ తీసి చూడండి. పేరు చివర డీ ఉందంటే చాలావాటిల్లో అది డోంపెరిడోనే, అదీ డీ2ని ఆపే మందే. మెదడులోకి పెద్దగా పోదు కాబట్టి వణుకు లాంటివి తక్కువ, కానీ గుండె లయ మీద అనుమానాలు వచ్చి యూరప్ 2014లోనే వాంతులకి మాత్రమే, తక్కువ డోసులో, మామూలుగా వారం దాటకుండా అని కట్టడి పెట్టింది. మన దగ్గర ఏళ్ళ తరబడి పరగడుపున కాఫీతో పాటు వేసుకునేవాళ్ళున్నారు, మెడికల్ షాపులో చీటీ అడిగేవాడు లేడు. ఇక వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ కూడా డీ2ని ఆపేదే, పైగా అది మెదడులోకి పోతుంది, పిల్లల్లో కొందరికి మెడ పక్కకి తిరిగిపోయి కళ్ళు పైకి వెళ్ళిపోతాయి, విరుగుడు ఇంజెక్షన్‌తో మామూలుగా నిమిషాల్లో సర్దుకునే దానికి గాలి సోకిందని తాయెత్తు కట్టించే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. పార్కిన్సన్స్ ఉన్న తాతకి అదే ఇంజెక్షన్ పడితే ఉన్న కదలిక కూడా పోతుంది.

మేం అడిగేది పెద్దదేం కాదు. డీ2ని ఆపే ప్రతి మందు స్ట్రిప్‌తో పాటు తెలుగులో నాలుగు లైన్ల కాగితం ఉండాలి, చీటీ లేకుండా అమ్మడం ఆగాలి. సైన్స్ ఇక్కడితో ఆగిపోలేదని మాకూ తెలుసు, 2024 సెప్టెంబర్‌లో అమెరికాలో స్కిజోఫ్రీనియాకి డీ2 జోలికి నేరుగా పోకుండా వేరే రిసెప్టర్ల మీద పనిచేసే మందుకి అనుమతి వచ్చింది, మంచిదే. అది మన ఊరి షాపుకి వచ్చేదాకా ఉన్న మందులే కదా దిక్కు.

ఇంకొకటి, ఆపే మందులే కాదు, రెచ్చగొట్టే మందులూ ఉన్నాయి. పార్కిన్సన్స్‌కి ఇచ్చే ప్రామిపెక్సోల్ డీ2తో పాటు డీ3 మీద కూడా గట్టిగా పనిచేస్తుంది, జీవితంలో ముక్క పట్టని పెద్దమనిషి కూడా దీనివల్ల ఉన్నట్టుండి ఫోన్‌లో రమ్మీకి అతుక్కుపోవచ్చు. ఇంట్లోవాళ్ళు బుద్ధి గడ్డి తిందా అంటారు, ఆయన సిగ్గుతో దాచిపెడతాడు, డబ్బు మాత్రం పోతూనే ఉంటుంది. "ఈ మాత్ర వాడుతుంటే జూదం మీదకో షాపింగ్ మీదకో మనసు పోవచ్చు, అలా అనిపిస్తే మీ అంతట మీరు ఆపకుండా వెంటనే నాకు చెప్పండి" అని డాక్టర్ ఒక్క మాట అంటే చాలు. ఆ వాక్యాన్ని మా ఆఫీసులో పైకి చదివి చూసుకున్నాం, పావు నిమిషం కూడా పట్టలేదు.