అరుగు మీద బడి

పాత బడి అంటే అందరికీ మంగుళూరు పెంకులు, వసారా, గంట గుర్తొస్తాయి. కానీ అంతకుముందు మన ఊళ్లలో చాలాచోట్ల బడికంటూ ఒక బిల్డింగే లేదు, పంతులుగారి ఇంటి అరుగే బడి. పైన ఇంటి చూరు, కింద అలికిన నేల, ముందు ఇసుక పరిచి వేలితో అక్షరాలు దిద్దించేవాళ్లు, వీధివైపు గోడ ఉండదు. ఎవడు ఎక్కం తప్పాడో నీళ్లకెళ్లేవాళ్లకి కూడా వినబడేది.

1823లో బళ్లారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ ఈ బడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకి రిపోర్టు రాశాడు. అప్పటి బళ్లారి జిల్లాలో ఇవాళ్టి అనంతపురం కూడా ఉండేది, 1882లో గానీ విడిపోలేదు. మొత్తం 533 బడులు, వాటిలో తెలుగువి 226, కన్నడవి 235, ఇంగ్లీషుది ఒక్కటంటే ఒక్కటే. పిల్లలు 6,641 మంది, అంటే బడికి పన్నెండుమంది, ఒక అరుగుకి సరిపడా లెక్క! పొద్దున్నే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్నా, మూడోవాడికి ఒక దెబ్బ, ఆ తర్వాత వచ్చేకొద్దీ ఒక్కోటి ఎక్కువ. మన పెద్దోళ్లు శ్రీ, చుక్క అని చెప్పేది ఇదే. పలకంటే బియ్యం, బొగ్గుపొడి పూసిన చెక్క.

అలాగని ఆ రోజులు బంగారం అనేసుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఆ 6,641లో ఆడపిల్లలు 60 మంది, అంటరానివాళ్లన్న పిల్లలకి చాలా ఊళ్లలో ఆ అరుగే ఎక్కనిచ్చేవాళ్లు కాదు. వీధికి తెరిచి ఉన్నా వీధిలో అందరికీ తెరిచిలేదు.

పెంకుల బడులు ఆ తర్వాతి కథ. 1865లో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండు క్రైస్తవ మిషనరీ సంస్థవాళ్లు మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఆ పెంకు ఊరూరా పాకింది. ఎత్తు కప్పు, పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతుంది, వసారా ఎండని గోడదాకా రానివ్వదు, కరెంటు లేకుండానే ఎండాకాలం గడిచేది. ఇప్పుడు స్లాబు కింద ఫ్యానేసినా పిల్లలకి చెమట ఆగట్లేదు.

ఈ పాత బడుల్ని కూల్చేసేవాళ్లని మేం అడిగేది చిన్నది. నాడు-నేడు, మన ఊరు-మన బడి అనే ప్రభుత్వ పథకాలతో కొత్త గదులు, బాత్రూములు వచ్చాయి, మంచిదే, కూలిపోయే గోడ కింద పిల్లల్ని కూర్చోబెట్టమని ఎవరూ అనరు. కానీ శిథిలం అని ఒక్క ముక్క రాసేసి జేసీబీ పిలిచేముందు సున్నం కట్టడాలు తెలిసిన ఇంజినీరు ఒకసారి చూడాలి కదా, ఎందుకంటే చాలాచోట్ల ఆ గోడల్ని పాడుచేసింది వయసు కాదు, రిపేరు పేరుతో పైన కొట్టిన సిమెంటు ప్లాస్టరు, అది లోపలి చెమ్మని బయటకి పోనివ్వదు, సున్నం పొడైపోతుంది. కూల్చక తప్పకపోతే కనీసం కొలతలు తీసి, ఫొటోలు తీసి, ఆ దూలాలూ తలుపులూ ఎటుపోయాయో స్కూలు రికార్డులో రాసిపెట్టండి.