మురుగు శుద్ధికి కరెంటు కొంటున్నాం, మురుగులో ఉన్న కరెంటు పారబోస్తున్నాం

మురుగు శుద్ధి కేంద్రం గేటు దాటగానే చెవిన పడేది బ్లోయర్ల హోరు. రాత్రింబవళ్లు ట్యాంకుల్లోకి గాలి కొడుతూనే ఉంటాయి. చాలా కేంద్రాల్లో కరెంటు బిల్లులో సగం వాటిదే. ఇంకోపక్క బురదను గిరగిరా తిప్పి నీరు వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం కింద, మురుగు నుంచి తేలిన బురద తడితడిగా, నల్లగా జారి ట్రాలీలో పడుతుంటుంది. దాన్ని మోసుకెళ్లడానికి డీజిల్ ఖర్చు అదనం. ఆ ట్రాలీలో ఉన్నది ఇంధనం. దాన్ని చెత్తగా చూడటం ఇకనైనా మానాలి.

హైదరాబాద్‌లో రూ.3,866 కోట్లతో 31 ఎస్టీపీలు (మురుగు శుద్ధి కేంద్రాలు) తలపెట్టారు. మూసీ కోసం అది చేయాల్సిన పనే. కానీ ఎన్ని లీటర్లు శుద్ధి చేస్తామన్న దాని మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా బురద మీద జరగలేదు.

గోబర్ గ్యాస్ చూసినవాళ్లకు ఇదేమీ కొత్త విద్య కాదు. పొద్దున పేడనీళ్లు పోస్తే ఇనుప డ్రమ్ము మెల్లగా పైకి లేచేది, వంటయ్యేసరికి కిందికి దిగేది. ఇక్కడా అదే పని, కాకపోతే పెద్ద ఎత్తున. గాలి చొరబడని ట్యాంకులో, 35-37 డిగ్రీల వెచ్చదనంలో బురదను ఇరవై రోజులు అటూఇటుగా ఉంచితే సూక్ష్మజీవులు దాన్ని గ్యాస్‌గా మారుస్తాయి. అందులో 60 శాతానికి పైగా మీథేన్. దాంతో ఇంజిన్ నడిపితే ఒక్కో ఘనపు మీటరు గ్యాస్‌కు సుమారు రెండు యూనిట్ల కరెంటు వస్తుంది. ఇంజిన్ వేడి ట్యాంకును వెచ్చగా ఉంచడానికి సరిపోతుంది. కుళ్లే పదార్థం దాదాపు సగం కరిగిపోతుంది కాబట్టి ట్రాలీలూ తగ్గుతాయి. అదే బురదను గుట్టలుగా పోసి వదిలేస్తే మీథేన్ నేరుగా ఆకాశంలో కలుస్తుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పెంచే వాయువు. చెన్నైలో కోయంబేడు, కొడుంగయ్యూరు కేంద్రాలు ఏళ్లుగా ఈ గ్యాస్‌తో కరెంటు తీస్తున్నాయి.

మన మురుగు పల్చన, ఎస్‌బీఆర్ పద్ధతిలో (ఒకే ట్యాంకులో విడతలవారీగా గాలి కొట్టి, తేర్చే పద్ధతి) గంటలకొద్దీ గాలి తగిలిన బురదలో సత్తువ అప్పటికే తగ్గిపోతుంది, గ్యాస్‌లో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంజిన్లను తినేస్తుంది అంటారు ఇంజినీర్లు. మూడూ నిజాలే. అయితే గ్యాస్‌ను కడిగే స్క్రబ్బర్లు ఉన్నాయి. సత్తువ చాలకపోతే బయటి నుంచి కలపాలి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్లు తీశారు. ఆ విజ్ఞానం హైదరాబాద్‌లోని మన రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీదే. అమెరికాలోని ఓక్లాండ్ కేంద్రం బురదకు ఆహార వ్యర్థాలు కలిపి, 2012 నాటికి తాను వాడేదాని కంటే ఎక్కువ కరెంటు తీసింది. మన హోటళ్లు, హాస్టళ్లు పారేసే అన్నం ఎక్కడికి పోతోంది?

నాకు కరెంటు కంటే పెద్ద బాధ ఇంకొకటుంది. నగరం సాగర్ నుంచి కృష్ణా నీళ్లు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుంటోంది. ఊళ్ల నుంచి బియ్యం, పాలు, కూరలు తెచ్చుకుంటోంది. బదులుగా మూసీ దిగువ రైతుకు ఇచ్చింది నురగ, కంపు. మనం తిన్న తిండిలోని నత్రజని, భాస్వరం ఆ పొలాలవే. ఎరువుల కోసం రాక్ ఫాస్ఫేట్‌ను చాలావరకు విదేశాల నుంచి కొనే దేశం, బురదలో చేతికందిన భాస్వరాన్ని డంపింగ్ యార్డుకు పంపడం ఏం లెక్క? ఇది ఊరికి నగరం పడ్డ బాకీ.

అంబర్‌పేటలోనో నాగోల్‌లోనో ముందు ఒక్క డైజెస్టర్ (బురదను గ్యాస్‌గా మార్చే ఆ మూసిన ట్యాంకు) కట్టండి. కట్టడానికే కాదు, పదేళ్లు నడపడానికీ టెండర్‌లోనే డబ్బు చూపండి. మిగిలిన బురదను బాగా ఎండబెట్టి, రోగక్రిములకూ సీసం, కాడ్మియం లాంటి లోహాలకూ పరీక్ష చేయించి, రిపోర్టు తెలుగులో రైతు చేతికివ్వండి. పొలంలో వేసుకోవాలో వద్దో ఆయన చెబుతాడు.