సవరణ: శ్రీకాకుళంలో లోలకానికి 24 గంటలు చాలవు

మొన్న ఫూకో లోలకం (భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని చూపించే పొడవాటి లోలకం) గురించి రాస్తూ, అది ఊగే తలం ఎక్కడైనా 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుందన్నాను. తప్పు, క్షమించండి. అది ధ్రువాల దగ్గరే నిజం. సెమిస్టర్‌కి చదువుతున్న జూనియర్ అమ్మాయి "అన్నయ్యా, మరి సైన్ లాంబ్డా ఏమైంది?" అని అడిగాకే చూసుకున్నాను (లాంబ్డా అంటే మనమున్న చోటి అక్షాంశం).

లెక్కలో కోరియోలిస్ పదం (భూమి తిరగడం వల్ల కదిలే వస్తువు పక్కకి మళ్లడాన్ని చెప్పే భాగం) రాసేటప్పుడు భూమి కోణీయ వేగం మొత్తాన్నీ తీసేసుకున్నాను, కానీ లోలకం తలాన్ని తిప్పేది అందులో మనకి నిలువుగా ఉండే భాగమే, అంటే ఒమేగా (భూమి కోణీయ వేగం, గంటకి 15 డిగ్రీలు) ఇంటూ సైన్ లాంబ్డా. శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు, సైన్ విలువ 0.314, కాబట్టి గంటకి 15 కాదు, 4.7 డిగ్రీలే, పూర్తి చుట్టుకి దాదాపు 76 గంటలు! 1851లో పారిస్ పాంథియాన్‌లో ఫూకో 67 మీటర్ల తీగకి వేలాడదీసిన గుండుకైతే ఆ అక్షాంశం దగ్గర 32 గంటలు. భూమధ్యరేఖ మీద అసలు తిరగదు.

రూములో ఫ్యాన్ హుక్కుకి దారం కట్టి, తాళంకప్ప వేలాడదీసి చూశాం. కాసేపటికే కోడిగుడ్డు ఆకారంలో తిరగడం మొదలెట్టింది. పొట్టి దారంతో ఇది తేలదు, పై ముడి కాస్త అటూఇటూ ఉన్నా ఆ తిరుగుడే అసలు విషయాన్ని మింగేస్తుంది.

నోట్సులో రాసుకున్నవాళ్లు దయచేసి 24ని సైన్ లాంబ్డాతో భాగించి దిద్దుకోండి.