ఉద్దానంలో ఉండిపోయే పరిశోధకుడి కోసం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ రోగుల పేరు చెప్పి ప్రవాసుల్లో చందా అడిగితే కాదనేవారు తక్కువ. వాటర్ ప్లాంటు అంటే ఇస్తారు, డయాలసిస్ మెషిన్ అంటే ఇస్తారు, మెడికల్ క్యాంపు అంటే సెలవు పెట్టుకుని మరీ వెళ్లి నిలబడతారు. ఇవన్నీ కావలసినవే. ఇచ్చినవారందరికీ చేతులెత్తి దండం పెడతాను. ఈసారి మాత్రం నేను అడిగేది వేరు. శిలాఫలకం వేసుకోవడానికి గోడైనా లేని పనికి ఇవ్వమంటున్నాను. కిడ్నీ జబ్బు మీద పరిశోధన చేసే ఒక ప్రొఫెసర్ పదవి, విశ్వవిద్యాలయం పేరున, పని చేసే చోటు శ్రీకాకుళం జిల్లా. ఆ మనిషి అక్కడే కాపురం ఉండాలి, రిటైరయ్యేదాకా ఇదే పని చేయాలి, ఆ తర్వాత ఆ కుర్చీలోకి మరొకరు రావాలి. అందుకు తగిన శాశ్వత నిధి మనం కూడబెట్టాలి.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఉద్దానంలోని ఈ మండలాల పేర్లు చదవగానే మనలో చాలామందికి కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు గుర్తొస్తాయి. అంత పచ్చటి నేల మీద, సుగరు లేదు, బీపీ లేదు, ఎండలో కష్టం చేసుకునే మనిషి, నలభై యాభై ఏళ్లకే కిడ్నీలు పోగొట్టుకుంటున్నాడు. ఈ జబ్బు చప్పుడు చేయదు. ఒళ్లు వాయదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగిందని రిపోర్టులో కనపడేసరికి కిడ్నీ సగానికి పైగా చెడిపోయి ఉంటుంది. కారణం ఏమిటి? నీళ్లలో సిలికానా, భారలోహాలా, పురుగుమందులా, ఎండదెబ్బకు ఒంట్లో నీరు ఇంకిపోవడమా, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రలా? అనుమానాలు ఇన్ని ఉన్నాయి. ఇదీ కారణం అని నిలిచిన సమాధానం ఒక్కటీ లేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరిరైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కోసే కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది.

మా పెదనాన్న దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉండేది. బట్టల కొట్టువాడు ఇచ్చిన కవరు, పిడులు తెగితే పురికొస కట్టారు. అందులో తొమ్మిదేళ్ల రిపోర్టులు. అన్నీ తేదీలవారీగా నేల మీద పరిచి చూశాను. క్రియాటినిన్ మొదట 1.3, తర్వాత 1.6, ఆ తర్వాత 2.4, చివరికి 7 దాటింది. ప్రతి కాగితం మీదా వేరే ల్యాబు పేరు. కొన్ని క్యాంపులవి, కొన్ని ప్రైవేటువి, రెండు ఏదో సర్వేవాళ్లవి. వాటన్నిటినీ ఒక దగ్గర పెట్టి చూసినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. ఆయన్ని అడిగితే ఒకటే మాట అన్నారు: "రగతం అట్టుకెల్నోల్లు సానామందొచ్చినారు బావూ. ఏటైందో సెప్నానికి మల్లొచ్చినోడు ఒక్కడూ నేడు."

నా వాదనంతా ఆ మాటలోనే ఉంది. ఉద్దానం మీద పరిశోధన జరగలేదని కాదు. విశాఖ డాక్టర్లు చేశారు, జాతీయ సంస్థలు చేశాయి, విదేశాల నుంచీ నిపుణులు వచ్చి చూశారు. ప్రతి పరిశోధనకూ ఒక ప్రాజెక్టు, దానికి రెండేళ్లో మూడేళ్లో గడువు, గడువు తీరగానే గ్రాంటు ఆగిపోతుంది, మనుషులు వెళ్లిపోతారు. సర్కారు డాక్టరు మనసు పెట్టి మొదలుపెడితే బదిలీ వస్తుంది. పదేళ్లు పట్టి మెల్లగా ముదిరే జబ్బును రెండేళ్ల ప్రాజెక్టుతో పట్టుకోలేం. జబ్బు రాకముందే వెయ్యిమందినో రెండువేలమందినో ఎంచుకుని, ఏటేటా అదే మనిషి రక్తం, మూత్రం పరీక్షించి, ఏ నీళ్లు తాగాడో, ఎండలో ఎంతసేపు పనిచేశాడో, ఏ మాత్ర మింగాడో రాసి పెట్టుకుంటూ పోతే తప్ప ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు అన్నది తేలదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు దీనికి దూరపు ఉదాహరణ అక్కర్లేదు. బోస్టన్ పక్కన ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో 5,209 మందితో గుండెజబ్బుల అధ్యయనం మొదలుపెట్టారు. వాళ్లను రెండేళ్లకోసారి పిలిచి పరీక్ష చేశారు. 1971 నుంచి వాళ్ల పిల్లలనూ చేర్చుకున్నారు. ఈరోజు మన డాక్టరు బీపీ చూసి, కొలెస్టరాల్ చూసి, సిగరెట్ మానమని చెబుతున్నాడంటే ఆ సలహాకు పునాది చాలావరకు అక్కడ పడింది. అక్కడ ఏదో గొప్ప యంత్రం ఉండి కాదు. ఆ పనికి ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా ఉన్నారు, అంతే.

భవనం లేదనే మాట ఇప్పుడు చెల్లదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి దాదాపు 700 కోట్లతో తాగునీటి పథకం వచ్చింది. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు పదివేల పింఛను ఇస్తోంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఉంది, మట్టి, నీటి పరీక్షలకు అక్కడి విద్యార్థులు కలిసి రావచ్చు. గోడలు, నీళ్లు, పడకలు ప్రభుత్వం తేగలదు. ఇరవై ఏళ్లు కదలకుండా ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చునే మనిషికి భరోసా ఇవ్వడం మాత్రం ఏటేటా బడ్జెట్‌తో నడిచే ఏ ప్రభుత్వానికైనా కష్టం. అందుకే ఆ పని మనం చేయాలంటున్నాను.

ఇక లెక్క. యూజీసీ ఏడో వేతన స్కేలులో ప్రొఫెసర్ మూలవేతనం 1,44,200 దగ్గర మొదలవుతుంది. అలవెన్సులు కలిపితే ఏటా 30 లక్షల దాకా అనుకోండి. ఒక రీసెర్చ్ ఫెలోకు 5 లక్షలు, ఊళ్లు తిరిగే ఇద్దరు ఫీల్డ్ వర్కర్లకు 5 లక్షలు, పరీక్షలకు, నమూనాలు మైనస్ 80 డిగ్రీల్లో దాచే ఫ్రీజరుకు, దాని జనరేటరుకు, తిరుగుళ్లకు మరో 10 లక్షలు. మొత్తం ఏటా 50 లక్షలు. నిధి మీద ఏడు శాతం రాబడి వస్తే నాలుగే ఖర్చుపెట్టి, మూడు అసలులో కలపాలి. లేకపోతే ధరలు పెరిగేకొద్దీ పదేళ్లలో ఆ నిధి ఎందుకూ చాలదు. కొబ్బరితోట ఉన్న ఇంట్లో ఇది విడమరచి చెప్పక్కర్లేదు, కాయలు అమ్ముకుంటాం గానీ చెట్టు కొట్టుకోం. ఏటా 50 లక్షలు రావాలంటే అసలు పన్నెండున్నర కోట్లు ఉండాలి. డాలరు 85 రూపాయల లెక్కన సుమారు 15 లక్షల డాలర్లు. 250 కుటుంబాలు ఏడాదికి వెయ్యి డాలర్ల చొప్పున ఆరేళ్లు ఇస్తే అంతే అవుతుంది. ఉద్యోగి ఇచ్చినదానికి కంపెనీలు తమ వంతు కలిపి ఇచ్చే మ్యాచింగ్ కూడా వస్తే ఇంకా ముందే అవుతుంది.

"మన డబ్బు జీతాలకా?" అని అడుగుతారు. అవును, జీతాలకే. కలకత్తాలో తారక్‌నాథ్ పాలిత్ అనే న్యాయవాది విశ్వవిద్యాలయానికి ఆస్తి ఇచ్చి ప్రొఫెసర్ పదవి పెట్టించారు. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ 1917లో ఆర్థికశాఖ ఉద్యోగం వదిలి ఆ పదవిలోకి వెళ్లారు. 1928లో రామన్ ఎఫెక్ట్ బయటపడింది ఆ కుర్చీలో ఉన్నప్పుడే. మన వైపే చూసుకుంటే జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్సు చదువులు నిలబెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో పెద్దవాళ్లను అడిగి చూడండి.

డబ్బు పంపే దారి విషయంలో తొందరపడకూడదు. భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవారు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే ట్రస్టుకు, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఆ సొమ్మును ఇంకో సంస్థ చేతిలో పెట్టడానికీ వీల్లేదు. తెలిసినవాళ్ల ట్రస్టుకు పంపేద్దాం, వాళ్లు కాలేజీకి ఇస్తారు అనే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. విశ్వవిద్యాలయంతో నేరుగా ఏ పద్ధతిలో ఒప్పందం చేసుకోవాలో ముందు ఆడిటర్లు తేల్చాలి.

ఒప్పందంలో మూడు సంగతులు పట్టుబట్టి రాయించాలి. ఎంపిక కమిటీలో దాతలుగానీ వాళ్ల బంధువులుగానీ ఉండకూడదు, బయటి రాష్ట్రాల నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం), ప్రజారోగ్య నిపుణులే ఉండాలి. నీటి ఫిల్టర్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు అమ్మే కంపెనీల సొమ్ము ఎంత ఇస్తామన్నా ముట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ అతని ఫలితం తెలుగులో రాసి ఇవ్వాలి, ఏటా ఊళ్లో కూర్చోబెట్టి ఏం తెలిసిందో, ఏం తెలియలేదో చెప్పాలి. జర్నల్లో పేపరు దాని తర్వాతే.

ఫలితం త్వరగా రాదు, ఆ సంగతి దాతలకు ముందే చెప్పాలి. మొదటి ఐదేళ్లలో చెప్పుకోదగ్గ వార్త ఏదీ రాకపోవచ్చు. అయినా పని మొదలైన రోజు నుంచే కొంత మేలు జరుగుతుంది. ఏటా పరీక్ష చేస్తుంటే క్రియాటినిన్ 1.3 దగ్గరే మనిషి కనపడతాడు, నొప్పి మాత్ర మానిపించవచ్చు, ఎండవేళ పని తగ్గించమని చెప్పవచ్చు. నికరాగువాలో చెరకు కూలీలకు నీళ్లు, నీడ, విశ్రాంతి పద్ధతిగా అందించాక కిడ్నీలు దెబ్బతినడం తగ్గిందని అక్కడి పరిశోధకులు చూపించారు. అది కూడా అక్కడి కూలీల మధ్య ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల పనే.

మనలో నెఫ్రాలజిస్టులు ఉన్నారు, జబ్బులు జనంలో ఎవరికి, ఎందుకు వస్తాయో తేల్చే ఎపిడెమియాలజీ చదివినవాళ్లు ఉన్నారు, ట్రస్టు చట్టాలు తెలిసిన ఆడిటర్లు ఉన్నారు. మన ప్రవాసుల సంఘం వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ నిధి ప్రతిపాదన పెట్టమని కార్యవర్గానికి రాశాను. మా ఇంటి వంతు ఆరేళ్ల హామీ కూడా అందులోనే ఇచ్చాను. మిగిలిన 249 కుటుంబాల్లో మీరు ఉంటారా అని అడుగుతున్నాను.