అపరిమిత భోజనంపై ఒక శ్వేతపత్రం

ఎన్నికల ప్రణాళికలు రాసే పెద్దలకు ఒక విన్నపం. వచ్చేసారి సలహాదారుల కోసం ఢిల్లీ దాకా పోకండి. ఏ జిల్లా కేంద్రంలోనైనా బస్టాండు వెనక సందులో ఉండే మెస్సుకు మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి, టోకెన్ తీసుకుని కూర్చోండి. 'అన్నం, కూరలు తృప్తి మేరకు' అని గోడమీద రాసి, ఆ మాట నిలబెట్టుకుంటూ కూడా దివాలా తీయని సంస్థ అదొక్కటే.

కిటుకంతా వడ్డన క్రమంలో ఉంది. విస్తరి పరిచీ పరచకముందే వేడన్నం, ముద్దపప్పు, గోంగూర పచ్చడి పడతాయి. నెయ్యి మాత్రం చెంచా మొనతో, సాక్ష్యం కోసం. పొద్దున అక్కడే పెసరట్టు ఉప్మా, ఆపైన దిబ్బరొట్టె లాగించినవాడు కూడా ఈ దశలో సిగ్గు విడిచి మారు అడుగుతాడు. ఇక వేపుడు వచ్చేసరికి కడుపులో చోటుండదు. ఒకవేళ ఉన్నా, బెండకాయ వేపుడు గిన్నె పట్టుకున్న మనిషి ఎక్స్‌ప్రెస్ రైలు చిన్న స్టేషన్లను దాటినట్టు వరుసలు దాటిపోతాడు. చారు బకెట్ పట్టుకున్నవాడు మాత్రం పిలవకుండానే వచ్చి పక్కన నిలబడతాడు. సంక్షేమ పథకాల రహస్యం ఇంతకంటే విడమరచి ఎవరు చెప్పగలరు?

'వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదు' అని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. అందుకే రోజూ వచ్చేవాళ్లు యజమానిని పట్టించుకోరు. వేపుడు గిన్నె ఆసామి పిల్లల చదువు, మోకాలి నొప్పి గురించి శ్రద్ధగా విచారిస్తారు. కాకినాడ సుబ్బయ్య హోటల్ లాంటి చోట్ల పద్ధతి వేరు. అక్కడ కొసరి కొసరి వడ్డిస్తారు. చేతులడ్డం పెట్టి వద్దనాల్సింది మనమే. ఖజానాను కాపాడే బాధ్యత మొత్తం మన మొహమాటానిదే!

2013 నాటి ఆహార భద్రత చట్టం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం ఇస్తుంది. మెస్సులో నా పక్కన కూర్చునే లారీ డ్రైవరు పది పూటల్లో ఆ కోటా ముగించగలడు. బిల్లుమీద 5 శాతం జీఎస్టీ ఉంది కానీ, మారు వడ్డనకు వేరే పన్ను వేయాలని ఇంకా ఎవరికీ తట్టలేదు. (ఇప్పుడు తట్టించినట్టున్నాను, క్షమించాలి.)

ఒక్క సంస్కరణ మాత్రం అత్యవసరం. సమాచార హక్కు చట్టాన్ని మెస్సులకూ వర్తింపజేయాలి. వేపుడు గిన్నె ఏ బల్ల దగ్గర ఖాళీ అయిందో, ఎవరి సిఫార్సుతో అయిందో పౌరుడికి తెలియాలి. 10 రూపాయల రుసుము సంతోషంగా చెల్లిస్తాం. జవాబుకు 30 రోజుల గడువు కూడా సమ్మతమే. రెండోసారి వేపుడు కోసం అంతకంటే ఎక్కువే ఎదురుచూసినవాళ్లం.